ఇనీషియల్ లేని చుక్క

రాత్రి పదకొండు దాటింది.
బంగారుపాళెం అవతల గుజ్జు ఫ్యాక్టరీ, కాటా రూము.
ఫ్యాను తిరగతానే ఉంది,
గాలి మాత్రం తోతాపురి సొనకి అంటుకుని కదలదు.
గేటు బయట నలభై ట్రాక్టర్లు.
తెర మీద ఎర్రటి అక్షరాల్లో ఒకటే మాట:
దీని తల్లి ప్యాకేజీ ఎవరో తెలియదు.

మధ్యాహ్నం దాకా నడిచిన ప్రోగ్రామే.
రసీదు ఫైల్లో తరుగు లెక్క ఒక్కటి మార్చాను.
సరిగ్గా ఉందో లేదో చూద్దామని
ఆ ఫోల్డర్లోకే దిగి, దాన్నొక్కదాన్నే తట్టి లేపాను.
అంతే.
మూడు మామిడి సీజన్లుగా ఒకే చాప మీద
పక్కపక్కన పడుకున్న తూకం ఫైలు
ఎక్కడుందో తెలియదంది రసీదు.

మొదటి వరుసలోనే రాసిపెట్టాను కదా,
చుక్క, ఆ వెంటనే తూకం.
ఒక చుక్కంటే మా ఇల్లు.
రెండు చుక్కలంటే ఒక గడప పైన, పెద్దిల్లు.
ఇంతకన్నా ఏం చెప్పాలి?

చుక్క తీసేద్దామా?
ఇక్కడ నడుస్తుంది.
తెల్లారి ప్యాకేజీ మొత్తం లేచినప్పుడు
అదే చోట కూలబడుతుంది.
పోయినేడు ఇదే తప్పుకి
వెతికే దారుల జాబితాలో
నా డీ డ్రైవు దారిని నేనే ఇరికించాను.
చిత్తూరాఫీసులో గుణవతి మిషన్‌కి డీ డ్రైవే లేదు.
ఆ పొద్దు ఫోన్లో నేను పడ్డ మాటలు
ఈ గుజ్జంత తియ్యగా లేవు.

కిటికీ అవతల చెంగల్రాయులన్న గొంతు.
"ఎవురివిరా కాయలు?"
"పక్క తోటవి."
"ఎవురి పక్క?"

పిల్లోడు నోరు తెరిచి మూసుకున్నాడు.
వాళ్ళ ఊర్లో ఆ మాట చాలు,
పక్క తోటంటే కుక్కలకి కూడా తెలుసు.
ఇక్కడ, తార్రోడ్డు మీద,
వెనక ట్రాక్టరు హెడ్‌లైటు వీపున పడతా ఉంటే
పక్కకి పక్క లేదు.

"ముందు ఊరు చెప్పు. ఇంటిపేరు చెప్పు. ఆనక నీ పేరు."
"తవణంపల్లె. గోనూరోళ్ళం. దేవేంద్ర."
అన్న రిజిస్టర్లో రాశాడు:
గో, దాని పక్కన చుక్క, దాని పక్కన దేవేంద్ర.

నేను ఆ చుక్కనే చూస్తా ఉండిపోయాను.

మనకి చుక్క ముందు ఇల్లుంటుంది.
నా ఫైల్లో చుక్క ముందు ఏమీ లేదు.
ఏమీ లేకపోవడం కాదు, నమ్మకం ఉంది,
నడిచేదానికి తన ఇంటిపేరు గుర్తుంటుందని.
నేనేమో నడింట్లోకి పోయి ఒంటరిగా పిలిచాను.
పిలిచిన మరుక్షణం అది తన పేరే మరిచి
రెండు పక్కలా రెండేసి అడుగుగీతలు తగిలించుకుని
'మెయిన్' అయి కూచుంది.
పెద్ద పేరే.
కానీ మెయిన్‌కి ఇంటిపేరు ఉండదు,
చుక్క ముందు ఏం పెట్టుకోవాలో దానికేం తెలుసు.

ఫోల్డర్లోంచి ఒక గడప బయటికొచ్చాను.
అక్కడ నిలబడి నిండు పేరుతో పిలిచాను:
పైథాన్, హైఫన్ ఎమ్,
గుజ్జు చుక్క రసీదు.
చివర పై అనే తోక లేకుండా.

ప్రింటరు దగ్గింది.
"ఏం పాపా, అయ్యిందా?"
"అయ్యిందన్నా."
"ఏం పోయిండె దానికి?"
"ఇంటిపేరు."
ఆయన నవ్వలేదు. బీడీ ముట్టించుకుని
ఇంకో ట్రాక్టరుకి చెయ్యి ఊపినాడు.

పిల్లోడు చీటీని బల్బు కింద పట్టుకుని
తరుగు రెండుసార్లు లెక్కేసుకున్నాడు.
ధర వైపు చూసి ఏమీ అనలేదు.
పోబోతూ వెనక్కి తిరిగినాడు.
"అక్కా, ఇందులో ఉత్త దేవేంద్ర అనే ఉంది.
గో యాడబోయింది?"

నేను ఆ గడి పెట్టనే లేదు.
మూడు సీజన్లుగా,
ఎవరికీ.